“ధవళిత ప్రాలేయరుఙ్మండలీ హరిణంబై”: జింక ఎవరిది? వెలుగు ఎక్కడిది?

మొన్న గ్రూపులో ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే వ్యాఖ్యగా పెట్టకుండా విడిగా రాస్తున్నాను. పద్యం చాలామందికి కంఠతా వచ్చిందే, అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడి ఊరు అరుణాస్పదాన్ని వర్ణిస్తూ అతని కథ మొదలయ్యే మత్తేభం:

వరణాద్వీపవతీతటాంచలమున న్వప్రస్థలీచుంబితాం
బరమై సౌధసుధాప్రభాధవళితప్రాలేయరుఙ్మండలీ
హరిణంబై యరుణాస్పదం బనగ నార్యావర్తదేశంబునం
బుర మొప్పున్ మహికంఠహారతరళస్ఫూర్తిన్ విడంబింపుచున్

ఆవిడ సందేహం ఇది. “హరిణంబై” అంటే జింక అయి అని కదా, మరి ఊరు జింక అవడమేమిటి?

ఊరు జింక కాలేదండీ. అది బహువ్రీహి సమాసం. ముక్కంటి అంటే మూడు కళ్ళు కాదు, మూడు కళ్ళున్నవాడు. అలాగే ఇక్కడ, ఏ ఊరి సౌధాల సున్నపు కాంతి వల్ల చంద్రబింబంలోని జింక, అంటే జింకలా కనబడే మచ్చ, తెల్లబడిందో ఆ ఊరు అని అర్థం. సమాసం హరిణం దగ్గర ముగిసినా విశేషణం వెళ్ళి తగిలేది చివరి పాదంలోని “పురము”కే. ప్రాలేయం అంటే మంచు, రుక్కు అంటే కాంతి. మంచులాంటి కాంతి గలవాడు చంద్రుడు. రుక్ + మండలి రుఙ్మండలి ఎలా అయిందని ఇంకొకరు అడిగారు. వాక్ + మయం వాఙ్మయం అయినట్టే. ధవళిత అంటే తెల్లగా చేయబడిన. మన ధవళేశ్వరం పేరులో వినిపించే ధవళమే ఇది.

అసలు రుచి “సౌధ సుధా” దగ్గర ఉంది. సుధ అంటే అమృతం, సుధ అంటే సున్నం కూడా. సున్నం పూసినది కాబట్టే అది సౌధం. చంద్రుడేమో సుధాకరుడు, సుధాంశుడు. అంటే సుధకు పుట్టిల్లయిన చంద్రుడికి ఊళ్ళో ఇళ్ళ సుధ వెళ్ళి వెల్ల వేసింది. అమృతం దగ్గర ఉన్నా పోని మచ్చ సున్నం వల్ల పోయింది. కోనసీమలో పాత మండువా ఇళ్ళు చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. గుల్లలు బట్టీలో కాల్చి చేసిన సున్నంతో పండగకు ముందు గోడలకు వెల్ల వేసేవారు. వెన్నెల రాత్రి కరెంటు పోతే ఆ గోడల వెలుగుకి అరుగు మీద కూర్చున్నవాళ్ళ ముఖాలు ఆనవాలు తెలిసేవి. వెలుగు చంద్రుడిదే అయినా, గోడే వెలుగుతున్నట్టు ఉండేది. పెద్దన ఆ అనుభూతినే ఇంకో అడుగు ముందుకు వేయించి గోడ వెలుగును చంద్రుడి మీదికి తిప్పి పంపాడు.

ఇక రెండో వ్యాఖ్య సంగతి. “కావ్యాల్లో ఊళ్ళన్నీ ఇంతే, మేడలు ఆకాశాన్ని అంటకపోతే పురవర్ణన ఎలా అవుతుంది? ఎత్తు గురించిన అతిశయోక్తి, అంతకు మించి ఏమీ లేదు” అన్నారు ఒక పెద్దాయన. అతిశయోక్తి కాదని నేనూ అనను. కానీ ఎత్తు గురించి అన్న మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. పద్యంలో ఎత్తుకు దక్కింది “చుంబితాంబరమై” అన్న ఒక్క ముక్క. అదీ కోటగోడకే, ఇళ్ళకు కాదు. ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి కవి ఎత్తు మాటే ఎత్తలేదు. రెండో పాదమంతా వెలుగే, అదీ రాత్రి వెలుగు.

ఇది నాకు పుస్తకం ముందు కూర్చున్నప్పుడు ఇంత గట్టిగా తోచలేదు. కిందటేడు దుబాయ్‌లో ఉన్న మా మేనల్లుడి దగ్గరకు వెళ్ళినప్పుడు తోచింది. మా వైపు చాలా ఊళ్ళ నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఉన్నారు, వీడూ అలా వెళ్ళినవాడే. వాడు పని నుంచి వచ్చి, అన్నం తిని, బుర్జ్ ఖలీఫా భవనం ఎక్కడానికి ఇద్దరం బయల్దేరేసరికి రాత్రి పది దాటింది. ఆ వేళకే వెళ్ళాలని వాడి పట్టు. సూర్యాస్తమయం చూడాలని వచ్చేవాళ్ళ రద్దీ, టికెట్ ధరా రెండూ అప్పటికి తగ్గుతాయట.

బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. 2010 జనవరి 4న ప్రారంభించారు. మేం ఎక్కింది 124వ అంతస్తుకు, అది నేల నుంచి 452 మీటర్ల పైన ఉంది. లిఫ్టు ఒక నిమిషంలో చేర్చేసింది, చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. పాలకొల్లు క్షీరారామం గోపురం తొమ్మిది అంతస్తులు, 120 అడుగులు. దాని కింద నిలబడి తల వెనక్కి వాల్చినప్పుడు ఎత్తంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది. ఇక్కడ అంతకు పన్నెండు రెట్లు పైకి వచ్చినా ఆ తెలియడం లేదు. పగలైతే కింద మనిషినో చెట్టునో చూసి మనసు లెక్క కట్టుకుంటుంది. రాత్రి ఆ కొలతలన్నీ చీకట్లో కలిసిపోయాయి. ఒక పక్క సముద్రం నలుపు, ఇంకో పక్క ఎడారి నలుపు, నడుమ వెలుగుల పట్టీ. “మావయ్యా, ఎత్తు తెలీట్లేదు కదా, లైట్లే తెలుస్తున్నాయి” అన్నాడు మావాడు. వాడికి ఛందస్సు రాదు, మనుచరిత్ర చదవలేదు. పద్యంలో రెండో పాదం ఎందుకు అలా ఉందో వాడి నోటి నుంచి విన్నాను.

అంత ఎత్తున పగటికీ రాత్రికీ హద్దు కూడా జరుగుతుంది. 2011 రంజాన్ నెలలో, ఆ భవనంలో 80వ అంతస్తు పైన ఉండేవాళ్ళు రెండు నిమిషాలు, 150వ అంతస్తు పైన ఉండేవాళ్ళు మూడు నిమిషాలు ఎక్కువ ఆగి ఉపవాసం విడవాలని దుబాయ్ మతపెద్దలు చెప్పారు. పైవాళ్ళకు సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడు మరి. అక్కడ ఎత్తును వెలుగుతోనే కొలవాల్సి వచ్చింది.

చంద్రుడు ఉన్నాడు ఆ రాత్రి. మావాడు ఫోన్‌తో ఫొటో తీశాడు. లోపలి లైట్లు అద్దంలో పడకుండా ఫోన్‌ను అద్దానికి ఆనించి, చేతులు అడ్డుపెట్టి మరీ తీశాడు. ఫొటోలో ఊరి వెలుగులు చక్కగా వచ్చాయి, చంద్రుడు మాత్రం ఉత్త తెల్ల బిళ్ళ. జింకా లేదు, కుందేలూ లేదు. కారణం తెలిసిందే. చీకటిగా ఉన్నదాన్ని చూపించడానికి కెమెరా వెలుగును ఎక్కువగా పట్టుకుంటుంది, దాంతో చంద్రుడి మీది మచ్చ తెలుపులో మునిగిపోతుంది. “సౌధసుధాప్రభాధవళిత” అని అప్రయత్నంగా పైకే అనేశాను. పెద్దన కెమెరాను ఊహించాడని ఎవరూ అనరు, నేనూ అనను. నేల మీది వెలుగుతో పాటు చంద్రుణ్ణి ఒకే చూపులో పట్టుకోవాలనుకుంటే మచ్చ పోతుందని మాత్రం ఆ ఊహలో ఉంది.

నేల మీది వెలుగు ఆకాశాన్ని మార్చడం మన కోనసీమ పెద్దవాళ్ళు వేరే రకంగా చూశారు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి అదుపు తప్పి (బ్లోఅవుట్) ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్ళకు అన్నాళ్ళూ చీకటి సరిగ్గా పడలేదు. అది ఎర్రని వెలుగు, గుండెలో దడ పుట్టించిన వెలుగు. ధవళిత అన్న మాటలోని చల్లదనం దానికి ఏ కోశానా లేదు. అందుకే ఆ పాదంలో ప్రాలేయం అన్న మంచుమాట ఎంత అవసరమో అనిపిస్తుంది నాకు.

నాలుగో పాదం ఇంకా ముఖ్యం, దాన్ని వ్యాఖ్యల్లో ఎవరూ ముట్టుకోలేదు. తరళం అంటే హారం నడుమ ఉండే మణి. భూమి మెడలోని హారంలో నాయకమణిలా ఊరు ఉందట. ఇలా చూడాలంటే చూసేవాడు ఎక్కడ ఉండాలి? ఊళ్ళో ఉండి చూడలేడు, ఏటి గట్టున నిలబడీ చూడలేడు. పద్యం ఏటి ఒడ్డున మొదలై, కోటగోడ వెంట కళ్ళు పైకెత్తి, చంద్రుణ్ణి తాకి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి భూమిని చూస్తోంది. 124వ అంతస్తు నుంచి రాత్రి షేక్ జాయెద్ రోడ్డును చూసినప్పుడు నాకు స్ఫురించిన మాట హారమే, దానికి ఇంకో మాట వెతకనక్కర్లేకపోయింది.

మొదటి పాదంలోని ద్వీపవతి కూడా అంతే. నదికి అది పర్యాయపదం, అమరకోశంలో ఉన్నదే. లంకల్లో, అంటే నది నడుమ దీవుల్లో, పుట్టిపెరిగిన మనకు దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు, లంకలున్నది అని. అయితే గట్టున నిలబడితే లంక అవతలి ఒడ్డులాగే ఉంటుంది. అది లంక అని పైనుంచి చూస్తేనే కంటికి తెలుస్తుంది. 452 మీటర్ల ఎత్తు నుంచి దిగంతం సుమారు 76 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. అమలాపురంలో అంత ఎత్తు ఎక్కగలిగితే ధవళేశ్వరం, కాకినాడ, భీమవరం, అంతర్వేది అన్నీ ఆ వలయంలోకి వస్తాయి. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలూ, వాటి నడుమ లంకలూ ఒక్క చూపులో కనబడతాయి.

ఇక, పిల్లలకు పద్యం చెప్పేవాళ్ళకు ఒక మనవి. “ఊరు జింక అయింది” అన్న పొరపాటు ఎక్కువగా చదవడంలోనే పుడుతోంది. సమాసం రెండో పాదంలో ఆగదు, మూడో పాదంలోకి దూకుతుంది. పాదం చివర “మండలీ” దగ్గర ఆపి ఊపిరి తీసుకుంటే “హరిణంబై” విడిపోయి “అరుణాస్పదంబు”కు అంటుకుంటుంది. “సౌధసుధాప్రభా” అన్న తర్వాత కావాలంటే కొంచెం నిలవండి. “ధవళితప్రాలేయరుఙ్మండలీహరిణంబై” మాత్రం ఒక్క ఊపిరిలో చదివించండి, ఆ తర్వాత ఆగండి. నాలుగో పాదంలో “మహీ” అని దీర్ఘం తీయకండి, ఆరో అక్షరం అక్కడ లఘువే ఉండాలి.