ఓడ జాబితాలోని కులం గడిని కుటుంబ చరిత్రలో అచ్చు వేయవచ్చా?

ఉత్తరాంధ్ర ఊళ్లు (చర్చ మొదలుపెట్టినవారు)

డర్బన్‌లో ఉంటున్న ఒక కుటుంబం తమ పూర్వీకుడి ఊరు ఎక్కడుందో వెతికిపెట్టమని నన్ను అడిగింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ రేవుకు చేరింది మొదలు 1911లో వలస ఆగిపోయేదాకా ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు (దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతానికి) వెళ్లిన 1,52,184 మందిలో ఆయన ఒకరు. వారందరికీ ఓడలవారీగా జాబితాలు రాశారు. మనిషికి ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది గుర్తులు ఒకే వరుసలో నింపారు. ఈ కుటుంబం పేరు చివర నాయుడు అని రాసుకుంటుంది, కాని జాబితాలో ఆయన కులం గడిలో మాల అని ఉంది. ఇప్పుడు వారు అచ్చు వేయబోతున్న వంశచరిత్రలో ఆ గడిని ఉన్నదున్నట్టు ఉంచాలని మనవలు, తీసేసి మిగతాది వేయాలని పెద్దవారు పట్టుబడుతున్నారు. వరుస మొత్తం ఉండాలన్నది నా అభిప్రాయం. ఒక గడి తీసేస్తే మిగిలిన గడులను కూడా మనం ఏరుకుని రాశామేమోనన్న అనుమానం చదివేవారికి తప్పక కలుగుతుంది. మీరేమంటారు?

దస్తావేజు

పాత రికార్డుల మధ్య ఉద్యోగం చేసినవాడిగా ముందు ఒక జాగ్రత్త చెబుతాను. ఆ గడి నింపింది మీ డర్బన్ మిత్రుల పూర్వీకుడు కాదు, గుమస్తా. కూలీ తెలుగులో చెప్పిన మాట దుబాసీ నోటి మీదుగానో, కూలీలను కూడగట్టిన మేస్త్రీ నోటి మీదుగానో గుమస్తా చెవిన పడి ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కింది. పొలం పనికి పనికిరారని తిప్పి పంపుతారన్న భయంతో అసలు కులం దాచినవారు ఉన్నారు, వరుసగా పదిమందికి ఒకే కులం రాసి పడేసిన గుమస్తాలూ ఉన్నారు. కాబట్టి అది ఆ రోజు కాగితం మీద పడిన మాట మాత్రమే.

ఊరి విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. జిల్లా గడిలో గంజాం అని కనబడగానే చాలామంది ఒడిశాలో వెతకడం మొదలుపెడతారు. శ్రీకాకుళం పట్టణం 1936 దాకా గంజాం జిల్లాలోనే ఉండేది, ఒడిశా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో గాని ప్రత్యేక జిల్లా కాలేదు. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. దక్షిణాన ఉత్తర ఆర్కాటు అని రాసి ఉంటే అది నేటి చిత్తూరు జిల్లా ఊరు కావచ్చు, చిత్తూరు 1911 దాకా అందులోనిదే. అందువల్ల జిల్లా పేరును నాటి సరిహద్దులతోనే చదవాలి. ఊరు దొరికిన తరువాత ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఇనాం రిజిస్టర్లూ, భూమి శిస్తు తిరిగి నిర్ణయించినప్పటి రీసెటిల్‌మెంటు రిజిస్టర్లూ వెతికి చూడవచ్చు.

పాలేరు మనవడు

దస్తావేజు గారూ, ఇనాం రిజిస్టరులో, సెటిల్‌మెంటు రిజిస్టరులో ఎవరి పేర్లు ఉంటాయి? భూమి ఉన్నవారివి, ఇనాములు అనుభవించినవారివి, శిస్తు కట్టినవారివి. ఆ భూమిని దున్నిన మా తాతల పేర్లు అందులో వెతికితే దొరకవు. 1860కీ 1911కీ మధ్య మా పేటల నుంచి ఓడ ఎక్కినవారికి ఈ జాబితాయే తమ పేరూ తండ్రి పేరూ ఊరి పేరూ ఒక్కచోట రాసి ఉన్న కాగితం, చాలా కుటుంబాలకు అలాంటిది ఇదొక్కటే. గుమస్తా చెవిని నమ్మలేమని తండ్రి పేరును ఎవరూ తీసేయమనడం లేదు, ఊరి పేరునూ తీసేయమనడం లేదు. అనుమానమంతా ఒక్క కులం గడి మీదికే ఎందుకు వస్తోంది? అక్కడ వెలమ అనో కాపు అనో ఉండి ఉంటే ఈ చర్చ అసలు పుట్టేదా? ఆ మనిషి పుట్టిన కులం కుటుంబ పరువుకు మచ్చ అని పెద్దవారు అనుకోబట్టే దాన్ని తీసేయమంటున్నారు. ఐదేళ్ల ఒప్పందం మీద చెరకు తోటల్లో నడుము విరిచి పనిచేసిన మనిషికి ఆయన సంతానమే సిగ్గుపడటం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

మారిషస్ తెలుగు

పాలేరు మనవడు గారి బాధను నేను కాదనలేను, అయినా ఆయన వాదనతో ఏకీభవించలేకపోతున్నాను. మా దీవిలో ఈ రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. కొందరు పూర్వీకుల ఫోటోలు కూడా భద్రంగా ఉన్నాయి. అక్కడికి వెళ్లి తాత ముఖం మొదటిసారి చూసి ఏడ్చినవారు నాకు తెలుసు. వారికి కావలసింది ముఖమూ పేరూ ఊరూ. కూలీ లైన్లలో, అంటే తోటల్లో కూలీలకు కట్టిన వరుస ఇళ్లలో, ఒకే గదిలో పడుకుని ఒకే కుండలో వండుకున్న మనుషులు తమంతట తాము వదిలేసిన దాన్ని, ప్రభుత్వం తన లెక్క కోసం రాసుకున్న ఒక మాటను పట్టుకుని, నాలుగైదు తరాల తరువాతి పిల్లల మెడకు మళ్లీ తగిలించడం న్యాయమా? నాయుడు అన్న పేరు వారు దొంగిలించింది కాదు, కొత్త దేశంలో కొత్తగా నిలబడటానికి ఎంచుకున్నది. పైగా ఆ పుస్తకం ఏ ఇంటర్నెట్‌లోకో ఎక్కితే పెళ్లి సంబంధాలు వెతికేవారు ముందు చూసేది ఆ గడినే. ఉత్తరాంధ్రలో సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెట్టి పేరుపేరునా తలచుకుంటారు. అలా తలచుకోవడానికి పేరు చాలు కదా.

పాలేరు మనవడు

అమ్మా, కులం వదిలేయడం వేరు, పై కులం పేరు పెట్టుకుని కింది కులం గడిని చెరిపేయడం వేరు. మొదటిదానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. ఈ కుటుంబం పుస్తకంలో కులం ప్రస్తావనే లేకుండా, పేరు చివరి నాయుడు ఎలా వచ్చిందో చెప్పే కథ కూడా లేకుండా వేస్తే నాకు ఫిర్యాదు లేదు. ఆ కథ ఉండి ఈ గడి లేకపోతే మాత్రం అది అబద్ధమే అవుతుంది.

దస్తావేజు

ఒక సంగతి అడగాలి. మనం ఇంతసేపూ మాట్లాడింది పూర్వీకుడి గురించే. ఆయన భార్య వరుస ఎవరైనా చూశారా? నేటాల్‌కు చాలామంది ఆడవారు తమ సొంత నంబరుతో, ఒంటరిగా వచ్చారు. 1891 నాటి నేటాల్ చట్టం భారతీయుల పెళ్లిళ్ల నమోదుకు ఏర్పాటు చేసింది, ఆ పత్రాల్లో భార్యాభర్తల నంబర్లు కనిపిస్తే ఆమె ఓడ కూడా తెలుస్తుంది. వంశచరిత్ర అంటూ తండ్రి వైపే పైకి ఎక్కుతూ పోవడం మన వాళ్లందరికీ అలవాటైపోయింది.

ఉత్తరాంధ్ర ఊళ్లు

దస్తావేజు గారి ప్రశ్నను డర్బన్‌కు పంపితే వారు పెళ్లి నమోదు పత్రం వెతికి తీశారు. అందులోని నంబరును బట్టి ఆమె వరుస దొరికింది. ఆమె వేరే ఓడలో, వేరే ఏడాది, గోదావరి జిల్లా నుంచి వచ్చింది, పక్కన బంధువు ఎవరూ లేరు. కులం గడిలో కాపు అని ఉంది. ఆమె తండ్రి పేరు ఇంతవరకు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఇప్పుడు తెలిసింది.

దీంతో నా వాదనకు మరింత బలం వచ్చిందనుకుంటున్నాను. గుమస్తా రాసింది నిజమైతే, ఈ దేశంలో ఆనాడు ఊరు ఒప్పుకోని పెళ్లి అక్కడ జరిగింది. ఆ రెండు గడులనూ తీసేస్తే ఆ ఇద్దరూ చేసిన సాహసం కూడా పుస్తకంలోంచి పోతుంది. మారిషస్ తెలుగు గారు చెప్పిన, సముద్రం దాటి కులాన్ని వదిలిన చరిత్రకు సాక్ష్యం ఆ గడులే. కనుక రెండు వరుసలనూ జాబితాలో ఉన్నట్టుగా, ‘ఓడ జాబితాలో రాసినది’ అన్న శీర్షిక కింద వేయమనీ, కుటుంబం చెప్పుకునే కథను దాని పక్కనే వారి మాటల్లో వేయమనీ రాశాను. పిల్లల పేర్ల దగ్గర మాత్రం కులం అన్న మాట రానివ్వకూడదు.

మారిషస్ తెలుగు

ఆమె వరుస దొరికినందుకు నిజంగా సంతోషించాను, ఆమె తండ్రి పేరు ఆ ఇంటివారు ఇక మీద పలుకుతారు. ఇంట్లో పంచుకునే పుస్తకంలో రెండు వరుసలూ ఉండవచ్చునని ఒప్పుకుంటున్నాను. ఇంటర్నెట్‌లో పెట్టడానికి మాత్రం బతికి ఉన్న ప్రతి శాఖనూ అడగాలి, ఒక్కరు వద్దన్నా ఆగాలి. ఈ విషయంలో నా మాట మారదు.

పాలేరు మనవడు

వద్దనే హక్కు ఒక్కరికే ఇస్తే, ఆ ఒక్కరు ఎప్పుడూ సిగ్గుపడేవారే అవుతారు. మెజారిటీ శాఖలు ఒప్పుకుంటే పెట్టాలి, వద్దన్న శాఖలోని వారి పేర్లు మాత్రం తీసేయాలి. ఓడ ఎక్కిన ఇద్దరి వరుసలనూ దాచే హక్కు ఏ శాఖకూ లేదు.