తొమ్మిది మందిమి, ఒక కారవాన్, బందీపూర్: అయ్యే పనేనా?

వైట్‌ఫీల్డ్‌వాసి:
అందరికీ నమస్తే. జనవరి చివర్లో లాంగ్ వీకెండ్‌కి మూడు కుటుంబాలం కలిసి బెంగళూరు నుంచి బందీపూర్ అడవికి వెళ్దామనుకుంటున్నాం. పెద్దవాళ్లం ఏడుగురం, పిల్లలు ఇద్దరు. పెద్దవాళ్లలో మా అత్తగారు ఒకరు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. కారవాన్ (లోపలే పడకలు, టాయిలెట్ ఉండే బండి) అద్దెకు తీసుకుని, అడవిలో ఎక్కడో ఒకచోట ఆపి, పక్కన టెంట్లు వేసి, చలిమంట చుట్టూ అంత్యాక్షరి ఆడుకుందామని మా బావగారి ఐడియా. ఆయన వాట్సాప్ గ్రూపు పెట్టి ఊరుకున్నారు, బుకింగ్ నా నెత్తిన పడింది. కుదిరితే రెండో రోజు ఊటీ కూడా. ఎవరైనా ఇలా వెళ్లారా? డబ్బు కట్టే ముందు ఏమేం అడగాలి?

మైసూరురోడ్డు:
ముందు బావగారికి చెప్పెయ్యండి, అడవిలో బండి ఆపి పడుకోవడం అన్నది లేనే లేదు. బందీపూర్ టైగర్ రిజర్వ్. ప్రాజెక్ట్ టైగర్ 1973లో మొదలైనప్పుడు మొదటి విడతలో తీసుకున్న అడవుల్లో ఇదీ ఒకటి. రోడ్డు మీద ఆపి ఫొటో దిగినా ఫైన్ వేస్తారు, ఇక టెంటూ మంటా సంగతి ఊహించుకోండి. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు చెక్‌పోస్టుల దగ్గర గేటు వేసేస్తారు, 2009 నుంచీ ఇదే పద్ధతి. కాబట్టి వైట్‌ఫీల్డ్‌లో తీరిగ్గా మధ్యాహ్నం బయల్దేరి, మద్దూరు దగ్గర వడలకోసం ఎక్స్‌ప్రెస్‌వే దిగి, మైసూరులో చాముండికొండ ఎక్కి, ఆ తర్వాత అడవి దాటుదామంటే ఆ రాత్రికి అడవికి ఇవతలున్న గుండ్లుపేటే గతి. కబిని వైపు నుంచి కేరళ వెళ్లే మానందవాడి రోడ్డైతే సాయంత్రం 6కే మూసేస్తారు.
జనవరి దాటితే ఆకులన్నీ ఎండి అడవి అంటుకునే కాలం మొదలవుతుంది. ఊళ్లో హోమ్‌స్టే ఆవరణలో అయినా ఓనరు వద్దంటే చలిమంట మానుకోండి.

పులిహోరపొట్లం:
మేం ఇలాగే కారవాన్‌లో వెళ్లొచ్చాం, బాగుంటుంది, కానీ తొమ్మిది మందికి ఒకటి చాలదు. "నలుగురు పడుకోవచ్చు" అంటే ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు అని అర్థం చేసుకోండి. పగలు కూర్చునే సీట్లే రాత్రి మడిచి పరుపు చేస్తారు, కాబట్టి ఒకళ్లకి నిద్రొస్తే మిగతావాళ్లంతా లేవాల్సిందే! ఆర్‌సీలో ఎన్ని సీట్లు రాసుందో ఫొటో అడగండి.
అసలు అడగాల్సింది టాయిలెట్ గురించి. దాని ట్యాంకు ఎక్కడ, ఎవరు ఖాళీ చేస్తారో ముందే తేల్చుకోండి. మన దారుల్లో అందుకని కట్టిన చోట్లు కనబడవు. మా డ్రైవరు బండి ఎక్కగానే "అర్జెంటైతేనే, అదీ ఒంటికే" అని చెప్పేశాడు, పెట్రోల్ బంకు వచ్చినప్పుడల్లా అందరం దిగాం. రాత్రంతా ఏసీ కావాలంటే బయటి నుంచి కరెంటు ఇవ్వాలి, హోమ్‌స్టేలో గీజరుకు పెట్టేలాంటి 15 యాంప్స్ ప్లగ్ బండి దాకా అందుతుందా అని అడగండి. లేకపోతే జనరేటరే, ఆ చప్పుడుకి పక్కింటివాళ్లు తన్నడానికొస్తారు. జనవరిలో అక్కడ ఏసీ అక్కర్లేదు లెండి, దుప్పట్లు తీసుకెళ్లండి.
డ్రైవర్ బత్తా, అతను పడుకోవడానికి గది, రోజుకు మినిమం కిలోమీటర్లు కూడా మెసేజ్‌లో రాయించుకోండి. ఫోన్లో చెప్పింది చెల్లదు.

గూడలూరుఘాట్:
ఊటీ అన్నారు కాబట్టి చెబుతున్నా. 2024 మే నుంచి ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకి బండితో వెళ్లాలంటే ఈ-పాస్ ఉండాలి, ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. మ్యాప్ మిమ్మల్ని మసినగుడి మీదుగా కల్లట్టి ఘాట్ ఎక్కమంటుంది, దగ్గరని. అక్కడ 36 హెయిర్‌పిన్ మలుపులు, బయటి బళ్లకు ఆంక్షలున్నాయి. గూడలూరు మీదుగా వెళ్లడమే మేలు. కర్ణాటక దాటుతున్నారు, కమర్షియల్ బండి, తమిళనాడు పర్మిట్ డబ్బు అద్దెలో కలిసిందో లేదో కనుక్కోండి. నన్నడిగితే ఈసారికి ఊటీ తీసెయ్యండి, పిల్లలు రోజంతా మలుపుల్లో వాంతులు చేసుకుంటారు.

వైట్‌ఫీల్డ్‌వాసి:
ఊటీ తీసేశాను, బావగారు అలిగారు. అయితే కారవాన్ వద్దా? మా అత్తగారి కోసమే దాని మీద ఆశ పెట్టుకున్నా, దారిలో నడుం వాల్చొచ్చని.

పులిహోరపొట్లం:
ఆవిడకోసమైతే తీసుకోండి, వెనక మిగతావాళ్లకి ఒక ఇన్నోవా పెట్టండి. ఆవిడా, పిల్లలూ, ఇంకో ఇద్దరూ కారవాన్‌లో. రాత్రికి గుండ్లుపేట ఇవతలే, బండి లోపలికి పట్టే హోమ్‌స్టే చూసుకోండి. గేటు ఎత్తు, చెట్టుకొమ్మలు అడగడం మర్చిపోవద్దు, పైన ఏసీ డబ్బా ఉంటుంది. ఇంకోటి, కారవాన్ మెట్టు చాలా ఎత్తు, దిగినప్పుడల్లా ఆవిడ కాలు కింద పెట్టడానికి ఇంట్లోంచి గట్టి చెక్క పీట పట్టుకెళ్లండి.

మైసూరురోడ్డు:
ఇవన్నీ ఖాయం చేసే ముందు సఫారీ నడుస్తోందో లేదో ఫారెస్ట్‌వాళ్లనే అడగండి. 2025 నవంబరులో పులులు మనుషుల మీద పడ్డాయని బందీపూర్, దాని పక్కనున్న నాగరహొళె అడవి, రెండింట్లోనూ సఫారీలు ఆపేశారు. కారవాన్ ఎలాగూ సఫారీ దారిలోకి రానివ్వరు, వాళ్ల బస్సో జీపో ఎక్కాల్సిందే. టికెట్లు దొరికాకే బండికి అడ్వాన్స్ కట్టండి.

వైట్‌ఫీల్డ్‌వాసి:
రేపు ఉదయం ఫోన్ చేస్తాను. ఇన్నోవా డబ్బులు బావగారి దగ్గర వసూలు చేసే మార్గం కూడా ఎవరైనా చెబితే సంతోషం.