2020-21 ఆస్ట్రేలియా సిరీస్: గాబా గెలుపునకు పునాది సిడ్నీలోనే పడిందా?

ప్రశ్న: గోదావరిగట్టు

అందరికీ నమస్కారం. భారత్-ఆస్ట్రేలియా టెస్టుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాట ముందుగా 2021 జనవరి 19 మీదికే వెళ్తుంది. బ్రిస్బేన్‌లోని గాబా మైదానంలో 1988 తర్వాత ఒక్క టెస్టు కూడా ఓడని ఆస్ట్రేలియాను, సగం మంది ప్రధాన ఆటగాళ్లు గాయాలతో దూరమైన జట్టు 328 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి ఓడించింది కాబట్టి అది సహజమే. అయితే దానికి ఎనిమిది రోజుల ముందు సిడ్నీలో ముగిసిన మూడో టెస్టుకు దక్కాల్సిన స్థానం దక్కడం లేదని నాకు ఎప్పటి నుంచో అనిపిస్తోంది.

ఆ మ్యాచ్‌లో మన లక్ష్యం 407. చివరి రోజు రిషభ్ పంత్ 118 బంతుల్లో 97, పుజారా 205 బంతుల్లో 77 పరుగులు చేసి వెనుదిరిగే సరికి స్కోరు 5 వికెట్లకు 272. జడేజా బొటనవేలికి దెబ్బ తగిలింది, అశ్విన్ నడుము నొప్పితో ఉన్నాడు, మా కాకినాడలో పుట్టిన హనుమ విహారికి పరుగు తీస్తుండగా తొడ కండరం పట్టేసింది. అప్పటి నుంచి ఆట ముగిసే దాకా విహారి, అశ్విన్ కలిసి 259 బంతులు కాచుకుని 62 పరుగులు జోడించారు. విహారి 161 బంతులాడి 23 పరుగులతో, అశ్విన్ 128 బంతులాడి 39 పరుగులతో అజేయంగా నిలిచారు. విహారి ఇంకా క్రీజులో ఉండగానే, 109 బంతులకు 7 పరుగులా అంటూ, అతడు క్రికెట్‌నే చంపేశాడన్న ధోరణిలో ఒక కేంద్రమంత్రి వ్యాఖ్యానించడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మాట నన్ను ఇప్పటికీ నొప్పిస్తుంది.

ఇక నా ప్రశ్న. ఆ చివరి ఇన్నింగ్స్‌లో మనవాళ్లు మొత్తం 131 ఓవర్లు నిలవడం వల్లనే ఆస్ట్రేలియా బౌలర్లు గాబాకు వచ్చేసరికి అలసిపోయారని ఆధారాలతో చెప్పగలమా, లేక గెలిచాం కాబట్టి వెనక్కి తిరిగి మనం అల్లుకుంటున్న కథ మాత్రమేనా? స్కోరుకార్డులు దగ్గర పెట్టుకుని చూసినవారు ఉంటే దయచేసి చెప్పండి.

సమాధానం 1: జింఖానాస్టాండ్

గోదావరిగట్టు గారూ, ఆధారాలు లేకపోలేదు. ముందుగా గమనించాల్సింది ఏమిటంటే, ఆ సిరీస్‌లో మన జట్టు నాలుగు టెస్టుల్లో 20 మంది ఆటగాళ్లను దింపితే, ఆస్ట్రేలియా మాత్రం కమిన్స్, హేజిల్‌వుడ్, స్టార్క్, లయన్ అనే నలుగురితోనే నాలుగు టెస్టులూ ఆడించింది. వాళ్ల దృష్టిలో అది బలం. అడిలైడ్‌లో జరిగిన తొలి టెస్టులో మనల్ని 36 పరుగులకే కట్టడి చేసిన దళాన్ని మార్చాలని ఎవరికి అనిపిస్తుంది?

సిడ్నీ చివరి ఇన్నింగ్స్‌లో లయన్ 46 ఓవర్లు వేశాడు, హేజిల్‌వుడ్, కమిన్స్ చెరో 26, స్టార్క్ 22. మిగిలిన 11 ఓవర్లు గ్రీన్, లబుషేన్ పంచుకున్నారు. అదే మ్యాచ్ తొలి ఇన్నింగ్స్‌లోనూ మనవాళ్లు 100 ఓవర్లకు పైగా ఆడారు. మ్యాచ్ జనవరి 11న ముగిసింది, గాబా టెస్టు 15న మొదలైంది. నడుమ దొరికిన మూడు రోజుల్లో సిడ్నీ నుంచి బ్రిస్బేన్‌కు ప్రయాణం కూడా ఉంది.

ఇప్పుడు గాబా చివరి ఇన్నింగ్స్ చూడండి. స్టార్క్ 16 ఓవర్లలో 75 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయలేదు. సిడ్నీ చివరి ఇన్నింగ్స్‌లో కూడా అతడికి వికెట్ దక్కలేదు కాబట్టి, ఆ రెండింటినీ కలిపితే 38 ఓవర్లు, 141 పరుగులు, వికెట్లు సున్నా. కొత్త బంతితో వంద మైళ్లకు చేరువగా వేయగల ఎడమచేతి పేసర్‌కు ఇలాంటి లెక్క రావడం మామూలు విషయం కాదు. వందో టెస్టు ఆడుతున్న లయన్ 400వ వికెట్ అందుకుంటాడని వాళ్ల అభిమానులంతా ఎదురుచూశారు, అతడు 399 దగ్గరే ఆగిపోయాడు. ఐదో రోజు గాబా పిచ్ మీద పగుళ్లు ఉన్నా, 31 ఓవర్లలో అతడికి దక్కినవి గిల్, వాషింగ్టన్ సుందర్ వికెట్లు మాత్రమే.

నా మటుకు నాకు ఇందులో అనుమానం లేదు. గాబాలో మనం చూసిన స్టార్క్, అడిలైడ్‌లో చూసిన స్టార్క్ కాడు.

సమాధానం 2: మెల్‌బోర్న్195

జింఖానాస్టాండ్ గారి లెక్కలు సరైనవే కానీ, వాటి నుంచి తీసిన నిర్ణయాన్ని నేను పూర్తిగా ఒప్పుకోలేను. అలసటే కారణమైతే, ఆ నలుగురిలో కమిన్స్ గాబా చివరి ఇన్నింగ్స్‌లో 24 ఓవర్లు వేసి 55 పరుగులకు 4 వికెట్లు ఎలా తీశాడు? రోహిత్, రహానే, పుజారా, మయాంక్ అగర్వాల్ అతడికే చిక్కారు. సిరీస్ మొత్తంలో 21 వికెట్లతో మ్యాన్ ఆఫ్ ది సిరీస్ కూడా అతడే. ఒకే భారాన్ని మోసిన వారిలో ఒకరు చతికిలబడి, మరొకరు చివరి సెషన్‌లోనూ నిప్పులు చెరిగారంటే, అలసటతో పాటు ఇంకేదో ఉందని ఒప్పుకోవాలి.

ఆ ఇంకేదో మెల్‌బోర్న్‌లో మొదలైందని నా నమ్మకం. అడిలైడ్‌లో కుప్పకూలి, పితృత్వ సెలవుపై కోహ్లీ స్వదేశానికి వెళ్లి, కమిన్స్ బంతికి చేయి విరిగి షమీ సిరీస్‌కే దూరమైన తరుణంలో, వారం తిరక్కుండానే మనవాళ్లు బాక్సింగ్ డే నాడు ఆస్ట్రేలియాను 195 పరుగులకు ఆలౌట్ చేశారు. స్మిత్‌ను అశ్విన్ సున్నాకే పంపిన తీరు ఒకసారి గుర్తు చేసుకోండి. లెగ్ సైడ్ ఫీల్డర్లను దగ్గరగా మోహరించి, స్మిత్‌కు పరుగులు తెచ్చిపెట్టే ఆ వైపే వల పన్ని, లెగ్ స్టంప్ మీద తిరిగిన బంతిని అతడు ఫ్లిక్ చేయగానే పుజారా చేతిలో పడేలా చేశారు. రెండో ఇన్నింగ్స్‌లో అదే స్మిత్‌ను బుమ్రా కాళ్ల వెనుక నుంచి బౌల్డ్ చేశాడు. ఆ తర్వాత రహానే 112. ఎనిమిది వికెట్ల విజయం. ఆ మ్యాచ్ ఓడి ఉంటే సిడ్నీకి 0-2తో వెళ్లేవాళ్లం, విహారి ఎన్ని బంతులు కాచుకున్నా సిరీస్ దక్కేది కాదు.

ఇంకో మాట. సిడ్నీ చివరి రోజు ఆస్ట్రేలియా కెప్టెన్ పైన్ వికెట్ల వెనుక మూడు క్యాచ్‌లు వదిలేశాడు, అందులో విహారిది కూడా ఉంది. విహారి పట్టుదలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే అదృష్టం ఆ రోజు మనవైపే ఉందన్న సంగతిని మరిచి, డ్రాను ముందే రాసిపెట్టిన వ్యూహంలా చెప్పుకోవడం న్యాయం కాదు.

సమాధానం 3: సిడ్నీతెలుగమ్మాయి

ఆ సోమవారం నేను మైదానంలోనే ఉన్నాను. కరోనా ఆంక్షల వల్ల పావు వంతు సీట్లకే టికెట్లు ఇచ్చారు, అందరం మాస్కులు పెట్టుకునే కూర్చున్నాం. టీవీలో చూసినవారికి విహారి ఆట విసుగు పుట్టించి ఉండవచ్చు, దగ్గర నుంచి చూసిన నాకు మాత్రం ప్రతి ఓవరూ ఊపిరి బిగపట్టించింది. అతడు ముందుకాలు చాపి డిఫెన్స్ ఆడిన ప్రతిసారీ, ఆ కాలిని తిరిగి వెనక్కి లాక్కోవడానికి ఒక క్షణం ఎక్కువ పట్టేది. బంతి గ్యాప్‌లోకి వెళ్లినా ఇద్దరూ కదిలేవారు కాదు. స్పిన్‌కు కాలు ముందుకు చాపడం విహారికి కష్టం కాబట్టి లయన్‌ను ఎక్కువగా అశ్విన్, పేసర్లను ఎక్కువగా విహారి ఎదుర్కొన్నారు. ఓవర్ల మధ్యలో ఇద్దరూ దగ్గరికి వచ్చి తమిళంలో మాట్లాడుకుని మళ్లీ ఎవరి చోటుకు వారు నెమ్మదిగా వెళ్లేవారు. చెన్నై లీగ్ క్రికెట్ ఆడిన విహారికి ఆ భాష బాగా వచ్చు.

చివరి గంటలో నేను ఆస్ట్రేలియా ఫీల్డర్లనే ఎక్కువ గమనించాను. బ్యాటర్ చుట్టూ చేరి మాటలతో వేధిస్తున్నారే గానీ ఆ మాటల్లో ధీమా లేదు. గాబాకు రా నీ పని చెబుతాం అన్నట్టుగా పైన్ అశ్విన్‌తో అనడం స్టంప్ మైక్ ద్వారా లోకమంతా విన్నది. వికెట్ తీయగలమన్న నమ్మకం ఉన్న జట్టు వచ్చే మ్యాచ్ గురించి ఎందుకు మాట్లాడుతుంది? అందుకే మెల్‌బోర్న్195 గారు చెప్పిన అదృష్టం మాటను కాదనను గానీ, ఆ క్యాచ్‌లు జారిపోవడానికి కూడా 131 ఓవర్ల సేపు వికెట్ల వెనుక కూర్చుని లేవడానికీ సంబంధం ఉందని నేను అనుకుంటాను.

సిడ్నీ గురించి మాట్లాడుతూ సిరాజ్‌ను వదిలేయడం నాకు కష్టంగా ఉంది. హైదరాబాద్‌లో ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ను చేసిన తండ్రి నవంబర్‌లో కన్నుమూస్తే, చివరి చూపుకైనా నోచుకోకుండా జట్టుతోనే ఉండిపోయిన కుర్రాడు అతడు. నాలుగో రోజు బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తుండగా ప్రేక్షకుల్లో కొందరు దూషించారు. అతడు నేరుగా కెప్టెన్ రహానే దగ్గరికి వెళ్లి చెప్పాడు, ఆట ఆగింది, ఆరుగురిని స్టాండ్ నుంచి బయటికి పంపించారు. మైదానం వీడే అవకాశం అంపైర్లు ఇచ్చినా, ఆడటానికి వచ్చాం ఆడతాం అని రహానే చెప్పాడని తర్వాత సిరాజే వెల్లడించాడు. ఆ తర్వాతి టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు, సిరీస్‌లో మన తరఫున అందరికంటే ఎక్కువగా 13 వికెట్లు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడని చదివినప్పుడు మా ఇంట్లో అందరం కంటతడి పెట్టుకున్నాం.

సమాధానం 4: ఈడెన్2001

బౌలర్లను అలసటతో లొంగదీయడం కొత్త సంగతేమీ కాదు. 2001 మార్చి 14న కోల్‌కతాలో వీవీఎస్ లక్ష్మణ్, ద్రావిడ్ రోజంతా వికెట్ ఇవ్వకుండా ఆడారు. మొత్తం 376 పరుగుల భాగస్వామ్యం, లక్ష్మణ్‌వి 281, ద్రావిడ్‌వి 180. ఆ మ్యాచ్ 15న ముగిస్తే చెన్నై టెస్టు 18న మొదలైంది, అక్కడ మనవాళ్లు తొలి ఇన్నింగ్స్‌లో 501 చేశారు. చివరికి 155 లక్ష్యానికి ఎనిమిది వికెట్లు పోగొట్టుకుని గట్టెక్కాం గానీ, ఆ 501 లేకపోతే గట్టెక్కేవాళ్లం కాదు.

తేడా ఒక్కటే. లక్ష్మణ్ పరుగులు కొట్టి అలసట తెచ్చాడు, విహారి పరుగులు వదులుకుని తెచ్చాడు. రెండోదానికి చప్పట్లు తక్కువ. అదే విహారి 2023 ఫిబ్రవరిలో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్‌ఫైనల్లో, మణికట్టు విరిగిన స్థితిలో ఆంధ్ర జట్టు కోసం ఎడమచేతి వాటంగా బ్యాటింగ్‌కు దిగాడు. సిడ్నీ తర్వాత అతడికి దక్కిన టెస్టులు నాలుగే నాలుగు, చివరిది 2022 జులైలో ఎడ్జ్‌బాస్టన్‌లో. ఇది నాకు మింగుడుపడని విషయం.

గోదావరిగట్టు (ప్రశ్న వేసినవారు)

అందరికీ కృతజ్ఞతలు. మెల్‌బోర్న్195 గారి అభ్యంతరం ఆలోచించదగినదే, కమిన్స్ సంగతి నేను పట్టించుకోలేదు. మరి సిడ్నీలో ఓడి ఉంటే గాబాలో మన ఆట ఎలా మారేదంటారు?

సమాధానం 5: జింఖానాస్టాండ్

అలసటను పక్కన పెట్టినా, ఈ ప్రశ్నలోనే సిడ్నీ విలువ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2018-19లో సిరీస్ గెలిచి ట్రోఫీ మన దగ్గరే ఉంది కాబట్టి, సిరీస్ సమమైనా అది మనతోనే ఉండేది. సిడ్నీలో ఓడి 1-2తో గాబాకు వెళ్లి ఉంటే, ట్రోఫీ నిలబెట్టుకోవడానికి గెలుపు తప్ప వేరే దారి ఉండేది కాదు. డ్రా వల్ల 1-1తో వెళ్లాం, గాబాలో కూడా డ్రా అయితే చాలు. వాన వల్ల రెండో రోజు చివరి సెషన్ అంతా పోయింది, నాలుగో రోజు కూడా ఆట ముందే ఆగింది. అంటే డ్రాకు దారి తెరిచే ఉంది.

ఐదో రోజు ఉదయం మనకు 324 పరుగులు కావాలి, చేతిలో పది వికెట్లూ ఉన్నాయి. ఒక చివర పుజారా ఒంటినిండా దెబ్బలు తింటూ 211 బంతులాడి 56 చేశాడు, మరో చివర గిల్ 91 కొట్టాడు. టీ విరామానికి స్కోరు 3 వికెట్లకు 183. అక్కడి నుంచి డ్రా కోసం ఆడినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. పుజారా పోయాక దాదాపు 20 ఓవర్లలో వంద పరుగులు కావాల్సి వచ్చినప్పుడు కూడా పంత్ ఆగలేదు, సుందర్ అయితే కమిన్స్ బంతినే హుక్ చేసి సిక్సర్ కొట్టాడు. ఓడిపోతామన్న భయంతో తరుముకుంటూ ఆడినవారి ఆట కాదు అది. డ్రా ఎప్పుడైనా చేసుకోగలమన్న ధైర్యం సిడ్నీలో వచ్చింది కాబట్టే, 18 బంతులు మిగిలి ఉండగా హేజిల్‌వుడ్ బంతిని పంత్ నేరుగా బౌండరీకి తరలించే దాకా వాళ్లు గెలుపు కోసమే ఆడారని నేను భావిస్తున్నాను.