అమెరికన్ ఫుట్‌బాల్: స్టేడియానికి వెళ్లాలా, ఇంట్లో టీవీ చాలా?

ఫ్రిస్కో కొత్తవాసి

అందరికీ నమస్కారం. మా మేనేజరు దగ్గర డల్లాస్ కౌబాయ్స్ జట్టు ఆటలకు సీజన్ టికెట్లు ఉన్నాయి. నవంబరులో ఒక ఆదివారం ఆయన ఊళ్లో ఉండరట, రెండు టికెట్లూ కొన్న ధరకే ఇస్తానన్నారు. ఆ ధర వినగానే నాకు కళ్లు తిరిగాయి. ఆట నాకు కొద్దిగా తెలుసు: నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు, బంతిని అవతలి కొసకు చేరిస్తే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు, అంతవరకు వచ్చు. మా ఆవిడకు ఆట మీద ఆసక్తి లేదు గానీ సందడి అంటే ఇష్టం. గోడంత టీవీ ఇంట్లో పెట్టుకుని అంత డబ్బు తగలేస్తారా అని మా బావమరిది దెప్పుతున్నాడు. రెండు రకాలుగానూ చూసినవాళ్లు చెప్పండి. స్టేడియంలో ఏమి కనిపిస్తుంది, ఏమి కనిపించదు?

బే ఏరియా బాబాయి

మీ బావమరిది తెలివైనవాడు. ఈ ఆటను పెంచి పెద్ద చేసింది టీవీయే. 1958లో యాంకీ స్టేడియంలో బాల్టిమోర్ కోల్ట్స్, న్యూయార్క్ జెయింట్స్ మధ్య జరిగిన ఫైనల్ అదనపు సమయంలోకి వెళ్లింది. దేశమంతా టీవీల ముందు కూర్చుని చూసింది, ఆట దశ అక్కడి నుంచే తిరిగింది. జరిగిన ఘట్టాన్ని వెంటనే మళ్లీ చూపించడం కూడా ఈ ఆటతోనే మొదలైంది, 1963లో సైనిక, నౌకాదళ అకాడమీల (ఆర్మీ, నేవీ) జట్ల పోటీలో.

ఇక ఆ పసుపు గీత. ఫస్ట్ డౌన్, అంటే ఆ పది గజాలు పూర్తయి మళ్లీ నాలుగు ప్రయత్నాలు, రావాలంటే ఎక్కడిదాకా వెళ్లాలో చూపే గీత 1998 నుంచి తెర మీద కనిపిస్తోంది. స్టేడియంలో పచ్చిక మీద అలాంటిదేమీ ఉండదు. అంచున నారింజ రంగు కర్రలు పట్టుకుని నిలబడ్డ వాళ్లను చూసి మనమే మనసులో గీత గీసుకోవాలి. అలవాటు లేనివారికి మొదటి సగమంతా ‘ఇంకా ఎన్ని గజాలు’ అని పక్కవారిని అడగడంతోనే సరిపోతుంది. బంతి మీద నలుగురు కుప్పగా పడితే అది ఎవరి చేతిలో ఉందో అంత దూరం నుంచి ఆ పైవాడికే తెలియాలి.

ఇరవై రెండు కళ్లు

బాబాయి గారితో ఈ విషయంలో పేచీ పడక తప్పదు. టీవీ కెమెరా బంతి వెంట పరుగెడుతుంది. స్నాప్‌కు (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడానికి) ముందు తెర మీద ఎదురెదురుగా నిలిచే రెండు లైన్లు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్, ఎదుటి జట్టు లైను వెనక కాపలా ఉండే లైన్‌బ్యాకర్లు ఉంటారు. పది పదిహేను గజాల వెనక నిలబడే చివరి కాపలాదారులు, సేఫ్టీలు, చాలాసార్లు తెరలో పట్టరు. ఆట గుట్టు సగం వాళ్ల నడకలోనే ఉంటుంది.

ఒక ఘట్టం చెబుతాను. ఎండ్‌జోన్ (టచ్‌డౌన్ చేసే మైదానం కొస) వెనక, పై అంతస్తులో కూర్చున్నాను. మూడో డౌన్, అంటే మూడో ప్రయత్నం, ఎనిమిది గజాలు కావాలి. ఇద్దరు సేఫ్టీలూ వెనక్కి నిలబడ్డారు. స్నాప్‌కు ముందు ఎడమవైపు సేఫ్టీ మెల్లగా ముందుకు జారాడు, రెండో అతను మధ్యకు పరుగెత్తాడు. బంతి చేతికి అందేసరికి క్వార్టర్‌బ్యాక్ వేయాలనుకున్న చోట మనిషి సిద్ధంగా ఉన్నాడు. అవతల ఎడమ అంచున బంతి అందుకోవలసిన రిసీవర్ ఒక్కడే చెయ్యెత్తి పరుగెడుతున్నాడు. మా వరుసంతా లేచి ‘అటు, అటు’ అని అరిచింది. క్వార్టర్‌బ్యాక్ అటు చూసేలోపే అతన్ని పడగొట్టేశారు. ఇంటికి వచ్చి రికార్డింగు వేసి చూస్తే తెర మీద ఆ రిసీవర్ జాడే లేదు. వ్యాఖ్యాతలు పాపం క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడలేదని ఎడమ వైపు లైన్‌మన్‌ను దులిపేస్తున్నారు!

మైదానంలోని ఇరవై రెండు మందీ కనిపించే కోచ్‌ల వీడియోను 2012 నుంచి అభిమానులకూ డబ్బు కడితే చూపిస్తున్నారు. కానీ అది ఆట ముగిశాక వచ్చేది. జరుగుతుండగా అలా చూడాలంటే పై అంతస్తు సీటొక్కటే దారి. అది చవక కూడా.

శబ్దగ్రహణం

కాన్సాస్ సిటీ పక్కనే ఉంటాను కాబట్టి మా ఆరోహెడ్ స్టేడియం సంగతి చెప్పకుండా ఉండలేను. 2014 సెప్టెంబరు 29న మా జట్టు పేట్రియట్స్ జట్టుతో ఆడిన రాత్రి అక్కడి జనం అరుపు 142.2 డెసిబెల్స్ అని గిన్నిస్ వారు నమోదు చేశారు. టీవీలో ఆ అరుపు వినపడదు. శబ్దం తగ్గించి, వ్యాఖ్యాతల మాటలు పైకి తెచ్చి వినిపిస్తారు.

ఆ అరుపుకు పనేమిటో కూడా అక్కడే తెలుస్తుంది. క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని రేడియోలో కోచ్ చెప్పే మాట, స్నాప్‌కు మిగిలిన గడువు చూపే ప్లే క్లాక్ మీద 15 సెకన్లు ఉండగా తెగిపోతుంది. ఆ తర్వాత క్వార్టర్‌బ్యాక్ తన వాళ్లకు గొంతుతోనే చెప్పుకోవాలి. అందుకే ఎదుటి జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడే జనం గొంతు చించుకుంటారు. సొంత జట్టు బంతి పట్టగానే ఎవరో తాళం వేసినట్టు అంతా నిశ్శబ్దం. అవతలి క్వార్టర్‌బ్యాక్ రెండు అరచేతులతో హెల్మెట్ చెవులు మూసుకుని రేడియో వినడానికి పడే తంటాలు చూస్తే భలే తృప్తి. మాట వినపడక లైన్‌మన్ ఒకడు ముందే కదిలితే ఐదు గజాల జరిమానా. ఆ ఐదు గజాల్లో నా వాటా ఉందని ఇంట్లో సోఫా మీద కూర్చుని ఎవరైనా అనగలరా? చెవుల్లో దూది మాత్రం పెట్టుకోండి, మరునాడు ఆఫీసుకు వెళ్లాలి కదా.

ఇద్దరు పిల్లల తల్లి

డబ్బూ ఓపికా లెక్కవేసే వాళ్లు కూడా ఒకరు మాట్లాడాలి కదా. గడియారంలో ఆట 60 నిమిషాలు, మనం కూర్చునేది మూడు గంటల పైనే. బంతి నిజంగా కదిలేది పదకొండు నిమిషాల చిల్లర అని ఒక పత్రిక లెక్కగట్టింది కూడా. మిగిలినదంతా గుమిగూడడం, విడిపోవడం, టీవీ ప్రకటనల కోసం ఆగడం. ఇంట్లో ప్రకటనలు వస్తే పోపు పెట్టుకోవచ్చు. స్టేడియంలో ఆటగాళ్లు నడుము మీద చేతులు వేసుకుని నిలబడతారు, మనం వాళ్లను చూస్తూ కూర్చుంటాం. మా చిన్నవాడు ‘అమ్మా, వీళ్లు ఎప్పుడు ఆడతారు’ అని అడుగుతూనే నిద్రపోయాడు.

అయినా పెద్దవాడు ఇప్పటికీ ఆ రోజు గురించే చెబుతాడు. ఆట కన్నా వాడికి నచ్చింది ముందు పార్కింగులో జరిగిన టెయిల్‌గేటింగు. ట్రక్కు వెనక తలుపు దించి పొయ్యి వెలిగించిన పక్కవాళ్లు వాడిని పిలిచి బంతి ఎలా పట్టాలో నేర్పించారు. మేము తెచ్చిన పులిహోర డబ్బా వాళ్ల చేతుల్లోనే ఖాళీ అయింది. మీ ఆవిడకు సందడి ఇష్టమంటున్నారు కాబట్టి ఆటకు మూడు గంటల ముందే వెళ్లండి.

మంచు మనిషి, విస్కాన్సిన్

మీది నవంబరు, పైకప్పున్న స్టేడియం. అదృష్టవంతులు. మా గ్రీన్ బేలో డిసెంబరు ఆట అంటే లోహపు బెంచీల మీద కూర్చోవాలి. కాళ్ల కింద వేసుకోవడానికి అట్టముక్క పట్టుకెళ్లాలని ఇక్కడ పుట్టినవాళ్లు నేర్పారు. కాంక్రీటు చలి బూట్లలోంచి ఎక్కకుండా అది ఆపుతుంది, ఎంత ఖరీదైన మేజోళ్లూ దాని ముందు బలాదూరు. 1967 డిసెంబరు 31న మీ కౌబాయ్స్ ఇక్కడికే వచ్చి, మైనస్ 25 డిగ్రీల చలిలో ఆడి, 21-17తో ఓడి వెళ్లారు. రిఫరీల ఈలలు గడ్డకట్టిన రోజది. టీవీలో చలి కనిపించదు, ఆవిరి మాత్రమే కనిపిస్తుంది.

కాలేజ్ స్టేషన్ పాతకాపు

ఎన్‌ఎఫ్‌ఎల్ (కౌబాయ్స్ లాంటి వృత్తి జట్ల లీగ్) టికెట్ ధర చూసి గుండె జారినవాళ్లు కళాశాల ఆట వైపు రండి. టెక్సాస్ ఏ అండ్ ఎం వారి కైల్ ఫీల్డ్‌లో లక్ష మందికి పైగా పడతారు. విద్యార్థులు ఆటంతా నిలబడే చూస్తారు. 1922లో ఆటగాళ్లు గాయాలతో తగ్గిపోతుంటే గ్యాలరీలో ఉన్న విద్యార్థి ఒకరు దిగివచ్చి జట్టు దుస్తులు వేసుకుని సిద్ధంగా నిలబడ్డారు, అందుకే విద్యార్థులు నిలబడే ఆనవాయితీ ఇంకా నడుస్తోంది. ఇక్కడ చదివిన మన తెలుగు పిల్లలు మొదటి ఏడాది ‘కాళ్లు నొప్పులు’ అంటారు, రెండో ఏడాది కొత్తవాళ్లను కూర్చోనివ్వరు. విరామంలో సైనిక దుస్తుల్లో వచ్చే బ్యాండు కవాతు కూడా మీ ఆవిడకు నచ్చుతుంది. టీవీలో ఆ సమయానికి నలుగురు కోటు వేసుకున్నవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుతుంటారు.

తెల్లవారుజాము, హైదరాబాద్

మీ అందరిదీ ఎంత సుఖమైన సమస్య! సూపర్ బౌల్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్, మాకు సోమవారం ఉదయం ఐదింటికి మొదలవుతుంది. విరామంలో పాటల కార్యక్రమం వచ్చేసరికి పాలవాడు వస్తాడు. నేను అమెరికాలో ఉండగా ఒక ఆట నేరుగా చూశాను, ఆ తర్వాత టీవీలో చూడడం మెరుగైంది. ఎవరైనా పంట్ కొడితే, అంటే బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకు వదిలేస్తే, తెర బయట ఏమి జరుగుతోందో ఊహించుకోగలుగుతున్నాను. కాబట్టి కొత్తవాసి గారూ, ఒక్కసారైనా వెళ్లండి. ఉప్పల్‌లో ఒక్క మ్యాచ్ చూసినవాడికి క్రికెట్ టీవీలో వేరేగా కనిపించినట్టే.

ఫ్రిస్కో కొత్తవాసి

అందరికీ ధన్యవాదాలు. ఆవిడ పులిహోర దగ్గరే తేల్చేసింది, వెళ్తున్నాం. టికెట్ మీద తూర్పు ఎండ్‌జోన్, పై అంతస్తు అని ఉంది. ఆట మధ్యాహ్నం 3:25కు. ఇంకేమైనా చూసుకోవాలా?

ప్లేనో నివాసి

ఇరవై రెండు కళ్లు గారు చెప్పిన సీటే మీకు దొరికింది. అయితే కౌబాయ్స్ ఆడే ఆర్లింగ్టన్ స్టేడియం రెండు కొసల్లోనూ పెద్ద అద్దాలు ఉన్నాయి. నవంబరు సాయంత్రం పడమటి అద్దంలోంచి ఎండ నేరుగా లోపలికి కొడుతుంది. 2024లో ఈగిల్స్ జట్టుతో ఆటలో మన రిసీవర్ లాంబ్‌కు ఆ ఎండలోనే బంతి కనిపించలేదు. మీరు తూర్పున కూర్చుంటారు కాబట్టి ఎండ మీ ముఖానికే. నల్లద్దాలు, టోపీ తప్పనిసరి.

మైదానం మీద వేలాడే తెర పొడవు 160 అడుగులు. 2009లో ప్రారంభమైనప్పుడు ఒక పంట్ వెళ్లి దానికే తగిలింది. ముందే చెబుతున్నాను, కళ్లు దాని మీదకే పోతాయి. చుట్టూ చూడండి, సగం మంది అంత డబ్బు పోసి టీవీయే చూస్తుంటారు. స్నాప్ నుంచి ఈల దాకా కింద పచ్చిక మీదే చూపు నిలపండి, తర్వాత తెర మీద రీప్లే చూసుకోండి.

స్టేడియం దాకా రైలు లేదు, పార్కింగ్ ముందుగానే కొనుక్కోండి. ఆవిడ చేతిసంచి ఇంట్లో వదిలేయమనండి. లోపలి వస్తువులు కనిపించే పారదర్శకమైన సంచి అయితేనే పెద్దది తీసుకెళ్లనిస్తారు, లేదంటే అరచేతిలో పట్టేంత చిన్న పర్సు మాత్రమే.

బే ఏరియా బాబాయి

చూశారా, అక్కడికి వెళ్లినా టీవీయే! సరే, వెళ్లి రండి. ఇంట్లో రికార్డింగు మాత్రం పెట్టి వెళ్లండి, ఆ కుప్పలో బంతి ఎవరికి దొరికిందో రాత్రికి చూసుకోవచ్చు.