కమోడోర్ 64కి ఇంట్ల చేసిన జాయ్‌స్టిక్: పైకంటే కిందికి పోతంది, ఫైర్ ఆగుతలేదు

హన్మకొండ_8బిట్:
అందరికీ నమస్తే. కమోడోర్ 64 (పాత ఇంటి కంప్యూటర్)కి ఆర్కేడ్ లివర్‌తో జాయ్‌స్టిక్ కడుతున్న. మైక్రోస్విచ్‌లు ఐదు (నాలుగు దిక్కులకు, ఒకటి ఫైర్‌కు), తొమ్మిది పిన్నుల ఫిమేల్ కనెక్టర్, గోడలకెళ్ళి తీసిన పాత నెట్‌వర్క్ కేబుల్. పోర్ట్ 2ల పెడితే పిడి పైకి నెట్టినప్పుడు బొమ్మ కిందికి పోతంది, ఎడమకంటే కుడికి పోతంది. బటన్ నొక్కకముందే ఫైర్ అయితంది. పోర్ట్ 1ల పెడితే తెర మీద కర్సర్ దానంతటదే కుడికి ఉరుకుతంది. మల్టీమీటర్‌తో చూస్తే వైరు ఎక్కడా తెగలేదు. పిన్ 7ల 5 వోల్టులు వస్తయి కదా, దాన్ని ఎక్కడన్న కలపాల్నా? ఆటోఫైర్ (బటన్ పట్టి ఉంచితే దానంతటదే పదే పదే ఫైర్ కావడం) కూడా పెట్టాలని ఉంది.

కాజీపేట_సోల్డర్:
పిన్ 7ను ఖాళీగనే వదిలెయ్ తమ్మీ. పిన్ 1 పైకి, 2 కిందికి, 3 ఎడమ, 4 కుడి, 6 ఫైర్, 8 గ్రౌండ్. 5, 9 ప్యాడిల్స్‌కు (తిప్పే నాబ్ ఉన్న కంట్రోలర్లకు), నీకు పనిలేదు. అంటే ఆరు వైర్లే. ప్రతి స్విచ్ తన లైన్‌ను గ్రౌండ్‌కు కలిపితే చాలు. లైన్లను 5 వోల్టుల దగ్గర పట్టి ఉంచే రెసిస్టర్లు జాయ్‌స్టిక్‌ను చదివే సీఐఏ చిప్ లోపలే ఉన్నయి, బయట పెట్టే అవసరం లేదు.

దిక్కులు తారుమారు కావడం లివర్ వల్ల. ఇరుసు నడుమ ఉంటది కాబట్టి పిడిని ముందుకు నెడితే కింది కొన వెనక్కి వచ్చి వెనుక స్విచ్‌ను నొక్కుతది. అందుకే వెనుక స్విచ్ పిన్ 1కి, ముందుది పిన్ 2కి, కుడిది పిన్ 3కి, ఎడమది పిన్ 4కి పోవాలె.

ఫైర్ సంగతి అంకెల్లో చూద్దాం. పోర్ట్ 2ల పెట్టి బేసిక్ భాషల ఇది కొట్టు, పోర్ట్ అంకె తెర మీద వస్తనే ఉంటది:
10 ప్రింట్ పీక్(56320):గోటూ 10
ఏమీ ముట్టనప్పుడు 127 రావాలె. పైకి 126, కిందికి 125, ఎడమ 123, కుడి 119, ఫైర్ 111. పైకి, కుడికి కలిపి నొక్కితే 118. నీకు ఏం వస్తుందో రాయి.

జనగామ_రేకుడబ్బా:
ఆ కేబుల్ మార్చుకోండి. గోడల వేసే నెట్‌వర్క్ వైరు లోపల ఒకటే గట్టి తీగ, అటూ ఇటూ వంగితే కొన్ని రోజులకే కనెక్టర్ దగ్గర విరుగుతది. సన్న పోగులున్న ప్యాచ్ కార్డ్ గాని, పాత సీరియల్ ఎక్స్‌టెన్షన్ కేబుల్ గాని మంచిది. సీరియల్ కేబుల్‌ల ఫిమేల్ కొన ఉంచుకుని, రెండో కొన కోసి, ఏ రంగు ఏ పిన్నుకు పోతుందో మీటర్‌తో చూసి రాసుకోండి. పాత సీరియల్ మౌస్ తోక మాత్రం పనికిరాదు, దాంట్ల ఆరు తీగలు ఉండవు.

ఫిమేల్ కనెక్టర్‌ను సోల్డర్ చేసే వెనుక వైపు నుంచి, ఐదు పిన్నుల వరుస పైన ఉంచి చూస్తే, పిన్ 1 ఎడమ చివర ఉంటది. ముందువైపు బొమ్మ చూసి వెనుక సోల్డర్ చేస్తే అద్దంల లెక్క 1కి 5, 2కి 4, 6కి 9, 7కి 8 తారుమారు అయితయి. అప్పుడు గ్రౌండ్ అనుకున్నది 5 వోల్టులు అయి, స్విచ్ నొక్కినప్పుడల్లా ఆ వోల్టేజ్ నేరుగా చిప్ లైన్ మీదికి పోతది. కీబోర్డును చదివేది కూడా అదే చిప్, పోతే రెండూ పోతయి. సెగా మెగా డ్రైవ్ (వేరే గేమ్ మెషిన్) ప్యాడ్ నేరుగా పెట్టొద్దనేది కూడా ఇందుకే.

కనెక్టర్ మీద తొడిగే, స్క్రూలున్న పెద్ద హుడ్ గూడా పోర్ట్ గుంతల కూచోదు. స్క్రూలు తీసేసి, పక్కలు ఆకురాయితో అరగదీయాలె.

హన్మకొండ_8బిట్:
సోల్డర్ వైపు నుంచి చూసుకునే పెట్టిన, అది సరిగ్గనే ఉంది. దిక్కులు మార్చిన, ఇప్పుడు మంచిగ వస్తున్నయి. కానీ ఏమీ ముట్టకుంటే 111 వస్తంది, ఫైర్ నొక్కితే 127.

కాజీపేట_సోల్డర్:
దొరికింది. ఫైర్ స్విచ్‌కు మూడు కాళ్ళుంటయి. నువ్వు కలిపింది నొక్కనప్పుడు మూసి ఉండే కాలుకు. కామన్ కాలును పిన్ 8కే ఉండనిచ్చి, పిన్ 6 వైరును నొక్కినప్పుడే మూసుకునే కాలుకు మార్చు. పోర్ట్ 1ల కర్సర్ ఉరికింది కూడా దీనికే: అక్కడ ఫైర్ అంటే స్పేస్ కొట్టినట్టే. సరిచేసినాక కూడా పోర్ట్ 1ల పైకి నెడితే 1, కుడికి నెడితే 2 పడుతది. కీబోర్డ్ లైన్లు అవే కాబట్టి అది లోపం కాదు.

కంప్యూటర్ బంద్ చేసినాకనే పెట్టు, తియ్యి. ఎండకాలం పొడి గాలికి ఒంటి మీద స్టాటిక్ ఎక్కువ, పిన్నులకు వేలు తగలనియ్యకు.

పరకాల_టంకం:
ఆటోఫైర్‌కు ఒక్కదానికే పిన్ 7 కావాలె. దాని నుంచి 50 మిల్లీ ఆంపియర్లకు మించి లాగొద్దు, అందుకే మామూలు 555 టైమర్ చిప్ బదులు తక్కువ కరెంటు తాగే 7555 వాడండి. 10 కిలో ఓమ్, 68 కిలో ఓమ్ రెసిస్టర్లు, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే సెకనుకు దాదాపు పది సార్లు కొడుతది. ఔట్‌పుట్‌ను నేరుగా పిన్ 6కు ఇయ్యొద్దు, అది లైన్‌ను పైకి కూడా నెడుతది. 10 కిలో ఓమ్ ద్వారా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కు ఇచ్చి, దాని ఎమిటర్‌ను పిన్ 8కి కలపండి. ఫైర్ బటన్ ఒక కాలు పిన్ 6కే ఉంటది. రెండోది పిన్ 8 నుంచి విప్పి చిన్న స్లైడ్ స్విచ్ నడిమి కాలుకు ఇయ్యండి, ఆ స్విచ్ ఒక పక్క గ్రౌండ్, ఇంకో పక్క ట్రాన్సిస్టర్ కలెక్టర్.

డబ్బాకు మాత్రం నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర తీసుకోకండి. చెక్కడానికి హాయిగా ఉంటది గాని మెత్తన, లివర్ స్క్రూలు కొన్నాళ్ళకే వదులైతయి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెట్టి, లివర్ కూచునే చోట కింద నుంచి సగం మందం తొలవండి, లేకుంటే పిడి పొట్టిగ అనిపిస్తది.