పిల్లలకు మన మతం నేర్పాలా, వదిలేయాలా?

గోదావరిగట్టు:
మాది ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదైన పెళ్లి. నేను క్రైస్తవుల ఇంటి ఆడపిల్లను, మావారు వైష్ణవులు. పాపకు ఆరేళ్లు. బడి దరఖాస్తులో ‘మతం’ గడి దగ్గర ఇద్దరం ఆగిపోయాం. పెద్దయ్యాక తనే ఎంచుకుంటుంది, ఇప్పుడేమీ చెప్పవద్దంటారు మావారు. ఏమీ తెలియని పిల్ల దేన్ని ఎంచుకుంటుందని నా దిగులు. మీ ఇళ్లలో ఏం చేశారు?

వేపచెట్టునీడ:
మా నాన్నగారు నాస్తికులు. పూజలు లేకుండా పెరిగినందుకు నాకు ఏ లోటూ లేదు. కానీ ఆయన పోయిన రోజు చేతులు ఆడలేదు. కర్మ చేస్తే ఆయన మాట కాదన్నట్టు. చేయకపోతే మరేం చేయాలో ఆయన చెప్పలేదు. పదకొండో రోజున ఆయన పుస్తకాలన్నీ మూటగట్టి ఊరి గ్రంథాలయంలో ఇచ్చి వచ్చాను. మతం వద్దనుకున్నా పిల్లలకు ఏదో ఒకటి అందించాలి. నాస్తికోద్యమ నాయకులు గోరాగారు ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. అన్ని కులాలవారూ కలిసి తినే సహపంక్తి భోజనాల మధ్య పెరిగిన ఆ కొడుకు దళిత కవి జాషువాగారి కుమార్తె హేమలతను పెళ్లాడారు. ఆ ఇంట్లో దేవుడు లేడు గానీ ఆచరణ ఉంది.

తులసికోట:
మాతృభాషను పెద్దయ్యాక ఎంచుకోమంటామా? మతమూ అంతే.

వేపచెట్టునీడ:
భాష మరిచిపోయిన పిల్లను ఎవరూ గడప దాటించరండీ. మతం వదిలిన పిల్ల ముఖం చూడని తల్లిదండ్రులను నేను చూశాను.

అత్తరుసీసా:
చిన్నప్పుడు అరబ్బీలో ఖురాన్ చదివించారు. తప్పు పోతే బెత్తం. ఒక్క ముక్కకూ అర్థం తెలియదు. మా దాదీ మాత్రం ఇఫ్తార్ వేళ పళ్లెంలోని మొదటి ఖర్జూరం పక్కింటి పిల్లాడి చేతిలో పెట్టాకే మాకు ఇచ్చేది. నాకు దీన్, అంటే మా ధర్మం, అంటే అదే గుర్తు. మా పిల్లలకు తెలుగు అనువాదం పక్కన పెట్టుకుని అర్థం చెబుతున్నాను. పదిహేనేళ్ల పెద్దవాడు నిరుడు నమాజుకు రానన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బలవంతం మాత్రం చేయలేదు.

గోదావరిగట్టమ్మా, జనన ధ్రువపత్రం దరఖాస్తులో ‘మతం లేదు, కులం లేదు’ అనే వీలు కల్పించాలని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. మీరూ ధైర్యంగా అడగండి.

గోదావరిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. గడి ఖాళీగా వదిలాం, బడివారు తీసుకున్నారు. శ్రీరామనవమికి అత్తయ్య పక్కన కూర్చుని పానకంలోకి మిరియాలు దంచింది పాప. ఈస్టరుకు అమ్మతో తెల్లవారుజామునే ఆరాధనకు వెళ్తానంటోంది. మావారే అలారం పెట్టారు.