రోమ్‌లో మంచి తిండి, మంచి వైన్: రేటింగ్ చూసి వెళ్లాలా, మెనూ చదివి వెళ్లాలా?

బాటసారి:
రోమ్‌లో ఎక్కడ తినాలని అడిగితే చాలామంది ఇచ్చే జవాబు ఒక్కటే. ఫోన్లో మ్యాప్ తెరువు, నాలుగున్నర స్టార్లు దాటినదాన్లోకి వెళ్లు. ఈ సలహాతోనే నాకు పేచీ. కొలోసియం, ట్రెవీ ఫౌంటెన్ చుట్టుపక్కల రెస్టారెంట్లకు స్టార్లు వేసేవాళ్లలో ఎక్కువమంది ఆ ఊరి కార్బొనారా పాస్తా తినడం అదే మొదటిసారి. పోల్చి చూడ్డానికి వాళ్ల దగ్గర రెండో ప్లేటు లేదు. సర్వరు మర్యాదగా ఉన్నాడా, బయట కూర్చుంటే బాగుందా అన్నదే ఆ అంకెలో ఎక్కువగా కనిపిస్తుంది.

తలుపు దగ్గర పెట్టిన మెనూ చదవడం వస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. పాస్తాల్లో రోమ్‌వి ముందుండాలి: కాచో ఎ పెపె (చీజ్, మిరియాలు), గ్రీచా (దానికి పంది చెంప కలిపితే), అమాత్రిచానా (అందులో టమాటా కూడా వేస్తే), కార్బొనారా (గుడ్డుతో). వీటితోపాటు లసాన్యా, పెస్టో, రిసోట్టో, పిజ్జా, పది రకాల సీఫుడ్ కూడా అదే వంటగదిలోంచి వస్తున్నాయంటే అక్కడ పని చేసేది ఫ్రీజరే. వంటకం పేరు పక్కన చుక్కగుర్తు ఉందేమో చూడండి. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో 'సుర్జెలాతో' అని ఉంటుంది, అంటే గడ్డకట్టించిన సరుకు. ఇటలీలో అది చెప్పకుండా అమ్మజూపితే వ్యాపార మోసం కింద కేసు అవుతుంది. అందుకే ఆ గుర్తు పెడతారు. ఒకటీ రెండూ ఉంటే ఫర్వాలేదు. పేజీ నిండా ఉంటే ముందుకు నడవండి.

కాలం కూడా చూడాలి. ఆర్టిచోక్ చలికాలం చివర మొదలై వసంతంలో బాగుంటుంది, పుంతారెల్లె ఆకు చలికాలానిది. ఈ రెండూ ఆగస్టు మెనూలో కనిపిస్తే అనుమానించాల్సిందే. గురువారం న్యోక్కి (బంగాళాదుంప ఉండలు), శుక్రవారం చేప, శనివారం త్రిప్పా (పశువు పొట్ట కూర) అనేది ఆ ఊరి పాత వరస. అది ఇంకా పాటిస్తున్న వంటగది ఊరివాళ్ల కోసం వండుతోందని నమ్మవచ్చు.

రేఖాంశం:
బాటసారి గారూ, చిన్న మెనూ, పలక మీద సుద్దరాత, గళ్ల టేబుల్‌క్లాత్ ఇప్పుడు అలంకారం అయిపోయాయి. త్రాస్తెవెరె పేట సందుల్లో అవి లేని చోటు వెతుక్కోవాలి. తలుపు దగ్గర చూసేదాన్నంతా టూరిస్టు కోసం తయారుచేయొచ్చు. రేటింగ్ సగటును నేనూ సమర్థించను. దాని కింద ఉన్న సమాచారాన్ని వదిలేయకండి అంటున్నాను.

నేను చెప్పే పద్ధతి ఇది. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టండి. ఇటాలియన్‌లో రాసినవి ఏరుకుని అనువాదంలో చదవండి. ఐదు స్టార్లవీ ఒక స్టారువీ పక్కన పెట్టి రెండు, మూడు స్టార్లవి చదవండి, ఎందుకంటే వివరాలు రాసేది వాళ్లే: రొట్టెకు ఎంత వేశారు, చేప తూకం ముందే చెప్పారా, ఏ వంటకం చల్లగా వచ్చింది. తర్వాత కస్టమర్లు పెట్టిన ఫొటోల్లో మెనూ, బిల్లు వెతకండి. ఫొటో తేదీ ఆరు నెలలు దాటితే ధర మారిపోయి ఉంటుందనుకోండి.

అన్నిటికంటే పనికొచ్చేది కార్బొనారా ఫొటో. అందులో గుడ్డు, పెకొరినో రొమానో (గొర్రెపాల చీజ్), మిరియాలు, గ్వాంచాలె (ఉప్పు పట్టించిన పంది చెంప) తప్ప ఇంకేమీ ఉండవు. తెల్లగా పారుతూ ఉంటే క్రీమ్ పోశారు. పసుపు ముద్దలు తేలితే పొయ్యి మీదే గుడ్డు కలిపారు. పచ్చసొన 70 డిగ్రీల దగ్గరికి పోతే గట్టిపడుతుంది, అందుకే మంట ఆపాక కలపాలి. గ్వాంచాలె ముక్కలు పొడవుగా, అంచు కరకరలాడేలా, లోపల కొవ్వు మెరిసేలా ఉంటాయి. అన్నీ ఒకే కొలత చిన్న గులాబీ ముక్కలైతే ప్యాకెట్‌లోంచి వచ్చినవే.

కవ్వం:
ఇద్దరూ గడియారాన్ని మరిచారు. ఎండు రిగతోనీ (గొట్టాల పాస్తా) ఉడకడానికి పది నిమిషాలకు అటూఇటూ పడుతుంది. ఆర్డరు ఇచ్చిన ఐదు నిమిషాలకే ప్లేటు వస్తే ముందే సగం ఉడికించి పెట్టారు. అప్పుడు పిండి కలిసిన వేడినీళ్లు చాలవు, సాస్ పట్టదు. తొన్నారెల్లీ అనే ఎండబెట్టని పచ్చి పాస్తాకు ఈ లెక్క వర్తించదు, అది త్వరగానే ఉడుకుతుంది. కాచో ఎ పెపెలో చీజ్ ఉండలు కడితే నీళ్లు మరీ మరుగుతుండగా పోశారని అర్థం. దాన్ని వెనక్కి పంపడం తప్పేమీ కాదు.

ఇంకొకటి. సాయంత్రం ఆరుకే డిన్నర్ మొదలుపెట్టే చోటు ఊరివాళ్ల కోసం కాదు. వాళ్లు ఎనిమిది దాటాకే వస్తారు. ఏడున్నరకు తెరిచే చోట తొమ్మిదికి టేబుళ్లు నిండితే ఏ స్టార్లూ అక్కర్లేదు.

ద్రాక్షసారం:
వైన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నా మాట వినండి, కూజాలో పోసే తెల్ల హౌస్ వైన్ వద్దు. తెరిచిన పాత్రలో రోజుల తరబడి ఉంటే గాలి తగిలి రంగు ముదురుతుంది, కోసి వదిలేసిన ఆపిల్ వాసన వస్తుంది. అది తెలియకుండా ఉండాలని గడ్డకట్టేంత చల్లగా ఇస్తారు. గ్లాసును పది నిమిషాలు వదిలేసి మళ్లీ వాసన చూస్తే బయటపడుతుంది.

సీసా తీసుకోండి. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో డీఓసీజీ (ఇటలీ వైన్లకు ఇచ్చే అత్యున్నత హోదా) ఉన్నవి మూడే: ఎర్రల్లో 2008లో వచ్చిన చెజనేజె దెల్ పిల్యో, తెల్లల్లో 2011లో వచ్చిన ఫ్రస్కాతి సుపెరియోరె, అదే ఏడాది తీపి రకం కన్నెల్లీనో. సీసా మెడ దగ్గర నంబరు వేసిన సర్కారీ పట్టీ ఉంటుంది. దాన్ని మీ ముందే తెరవాలి, లేబుల్ మీకు చూపించాలి. అమాత్రిచానాకు, కోదా అల్లా వచ్చినారాకు (ఎద్దు తోక కూర) చెజనేజె బాగా నప్పుతుంది. పేరున్న తోస్కానా (టస్కనీ) వైన్‌కు అక్కడ అదనంగా డబ్బు పోయడం అనవసరం.

బాటసారి:
ద్రాక్షసారం గారూ, ఒప్పుకోను. పట్టీ ఉన్నంత మాత్రాన వైన్ బాగున్నట్టు కాదు, నియమాలు పాటించినట్టు మాత్రమే. రోమ్ పక్కనున్న కాస్తెల్లీ రొమానీ కొండల నుంచి తెచ్చే తెల్ల వైన్ ఆ ఊరి భోజనంలో భాగం. మీరు చెప్పిన ప్రమాదానికి విరుగుడు కొలతలోనే ఉంది. ముందు క్వార్తీనో అడగండి, అంటే 250 మిల్లీలీటర్లు. బాగుంటే ఇంకొకటి. మూడు కలిస్తే ఒక సీసా. 'ఎక్కడిది?' అని అడిగితే ఊరి పేరో ద్రాక్ష పేరో వెంటనే రావాలి. 'ఇటలీది' అని జవాబొస్తే మీ సీసా సలహా నేనూ పాటిస్తాను.

ద్రాక్షసారం:
క్వార్తీనోతో మొదలుపెట్టడం వరకు సరే. సీసాల అమ్మకం బాగా ఉన్న చోట కూజా వైన్ మీద శ్రద్ధ తగ్గుతుందన్న నా మాట మాత్రం మారదు.

తులసిదళం:
మాంసం తినని వాళ్లకు మీ నాలుగు పాస్తాల్లో మూడు దండగే కదండీ. గ్వాంచాలె అంటే పంది చెంప. మరి కాచో ఎ పెపె నిరపాయమేనా?

కవ్వం:
పూర్తిగా కాదండి. పెకొరినో రొమానోను గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో పేరబెడతారు. అది కూడా వద్దనుకుంటే అర్రబ్బియాతా (కారం టమాటా పాస్తా) తీసుకుని చీజ్ వద్దని చెప్పండి. 'మాంసం లేకుండా' అంటే చాలదు, కొందరు సర్వర్లు గ్వాంచాలెను మాంసం లెక్కలో వేయరు. పేరు పెట్టి అడగండి. పుంతారెల్లె మీద పోసే దాంట్లో ఆంచోవీ చేప ఉంటుంది. వెల్లుల్లితో వేయించిన చికోరియా ఆకు, ఆర్టిచోక్ అల్లా జుదియా (యూదుల పద్ధతి వేపుడు) మంచివి, కానీ వేపుడు నూనె చేపకూ అదేనా అని అడగాలి. యూదుల పాత పేటలో పాల వంటల కోషర్ (యూదుల ఆహార నియమాలు పాటించే) రెస్టారెంట్లు ఉన్నాయి, వాటి వంటగదిలోకి మాంసం రానే రాదు. చేప మాత్రం వండుతారు.

రేఖాంశం:
బిల్లు గురించి రెండు మాటలు. లాత్సియోలో 2006 ప్రాంతీయ చట్టం ప్రకారం కూర్చున్నందుకు 'కొపెర్తో' వసూలు చేయకూడదు. దాని బదులు 'పానె' అని రొట్టెకు వేస్తారు. వద్దనుకుంటే బుట్ట పెట్టగానే చెప్పాలి, ముక్క విరిచాక కాదు. చేప ధర 'ఎత్తో'కు, అంటే వంద గ్రాములకు రాస్తారు. ఎత్తోకు 7 యూరోలున్న 600 గ్రాముల చేప 42 యూరోలు అవుతుంది. వండకముందే తూకం వేయించండి.

పేటల్లో నా ఓటు తెస్తాచోకే. అక్కడి కబేళా 1975లో మూతపడింది, కానీ దాని పనివాళ్ల కోసం పుట్టిన తోక, పేగుల వంటలు చుట్టుపక్కల త్రత్తోరియాల్లో (చిన్న భోజనశాలల్లో) నిలిచాయి. మార్కెట్ ఆదివారం ఉండదు, మిగతా రోజుల్లో మధ్యాహ్నం భోజనానికి వెళ్లండి.

బాటసారి:
తెస్తాచో మీద మీతో ఏకీభవిస్తాను. ఆగస్టులో మాత్రం మెనూ పద్ధతి, రివ్యూ పద్ధతి రెండూ తప్పుతాయి. 15న ఫెర్రాగోస్తో పండగ. కుటుంబాలు నడిపే చోట్లు చాలావరకు ఆ చుట్టుపక్కల వారాల తరబడి మూసేసి, తలుపు మీద 'క్యూజో పెర్ ఫెరియె' (సెలవులకు మూసేశాం) కాగితం అంటిస్తాయి. మ్యాప్‌లో తెరిచి ఉన్నట్టే కనిపిస్తుంది. ముందు రోజే ఫోన్ చేయండి.